చూడని రోజు ఖాళీ

సూర్యకళకి కోపం వస్తే అరవదు, కుర్చీలోంచి లేస్తుంది. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. అందరూ అంటే ఎంతమంది లెండి, ఆవిడతో కలిపి నలుగురు. కాకినాడలో జగన్నాథపురం వంతెన దిగాక కింద వలల కొట్టు, పైన రెండు గదులు. అదే కంపెనీ. పేరు పోటుపాటు, అంటే సముద్రపు ఆటుపోట్లు. ఆ మంగళవారం పొద్దున్న ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"ఆ మాట ఇంకోసారి అనకండి జానకిరామ్ గారూ," అంది.

జానకిరామ్ తల వంచుకున్నాడు. ఆయన అమలాపురం దగ్గర కొబ్బరితోటల వాళ్ళబ్బాయి, పాలిటెక్నిక్‌లో ఆవిడ క్లాస్‌మేట్. తొమ్మిదేళ్ళ క్రితం ఆవిడ ఈ కంపెనీ పెట్టినప్పుడు కంప్యూటర్ల పనంతా నెత్తికెత్తుకున్నది ఆయనే.

కంపెనీ చేసే పని చెప్పడం తేలిక. నదో పాయో సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. పడవ వేటకి వెళ్ళాలన్నా ఇంటికి రావాలన్నా మొగ దాటాలి. అక్కడ ఇసుక ఉన్నచోట ఉండదు. నిన్న ఆరడుగుల నీళ్ళున్న చోట ఈవేళ మేట వేస్తుంది, మేట ఉన్నచోట దారి పడుతుంది. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో అయితే పూటకో దారి. అందుకని ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా పదకొండు మొగల దగ్గర పదకొండుమందిని పెట్టింది సూర్యకళ. వాళ్ళు తెల్లారగట్ల గెడ పట్టుకుని నీళ్ళలో దిగి, లోతు చూసి, ఫోన్ చేసి చెప్తారు. దారెటుంది, నీళ్ళెంత ఉన్నాయి, అంతే. అది వెబ్‌సైటులో ఆ మొగ పేరు ఎదురుగా, రోజుకో గడిలో కనపడుతుంది. ఎవరైనా చూసుకోవచ్చు, పైసా అక్కర్లేదు. పక్కన ఇంజన్ల వాళ్ళవీ వలల వాళ్ళవీ ప్రకటనలుంటాయి. జీతాలు వాటి మీదే.

నియమం ఒక్కటే. మనిషి కళ్ళతో చూడని రోజు ఆ గడి ఖాళీగా ఉంటుంది. జ్వరమొచ్చి దిగలేదా, ఖాళీ. తుఫానా, ఖాళీ. ఇంట్లో చావు జరిగి మైల వచ్చిందా, అప్పుడూ ఖాళీయే. మైలలో ఉన్నవాళ్ళు గంగమ్మలో దిగి పదిమందికి దారి చెప్పరు ఆ జాలరి పాలేల్లో, మీరూ నేనూ ఏమనుకున్నా సరే. ఖాళీ గడి కనపడితే పడవవాళ్ళు ఆ పూటకి ఒడ్డునే ఉండిపోయేవాళ్ళు. తొమ్మిదేళ్ళలో ఆ ఖాళీని తప్పుపట్టిన జాలరి ఒక్కడూ లేడు.

తప్పుపట్టింది హైదరాబాదు.

అదెలాగంటే, రెండేళ్ళుగా జనం వెబ్‌సైటులకి రావడం తగ్గించేశారు. ఫోన్‌ని అడుగుతున్నారు. అందులో ఉండే ఏఐ ఊళ్ళో ఉన్న సైట్లన్నీ ముందే చదివేసి, చక్కటి తెలుగులో జవాబు చెప్పేస్తోంది. జవాబు చేతికొచ్చాక సైటుకెవడొస్తాడు? రోజుకి పద్నాలుగు వేలమంది వచ్చే పోటుపాటుకి ఇప్పుడు రెండు వేలమంది కూడా రావట్లేదు. ఆ వచ్చేవాళ్ళలో సగం మనుషులే కాదు, చదువుకుని పోయే యంత్రాలు. యంత్రాలు ఇంజన్లు కొంటాయా, వలలు కొంటాయా? ప్రకటనలవాళ్ళు ఒక్కొక్కరే నమస్కారం పెట్టి తప్పుకున్నారు. తెల్లారగట్ల చలిలో వణుకుతూ నీళ్ళలో నిలబడేది ఒకరు, ఆ మాట పట్టుకెళ్ళి బాగుపడేది ఇంకొకరు. సూర్యకళకి కడుపు మండేది అక్కడే.

అలాంటి సమయంలో ఉదయ్‌కుమార్ అనే ఆయన తగిలాడు. హైదరాబాదులో ఒక ఏఐ కంపెనీ మనిషి. మర్యాదస్తుడే, వంక పెట్టడానికి లేదు. మీ తొమ్మిదేళ్ళ సమాచారమూ కొంటాం, ఇకమీదట రోజూ వచ్చేదీ కొంటాం, మీరు సుఖంగా ఉండండి అన్నాడు. ఒక చిన్న షరతు పెట్టాడు.

"గడులు నిండి ఉండాలంటున్నారండీ," అన్నాడు జానకిరామ్ మళ్ళీ, వద్దన్నా ఆగకుండా. "మూడొందల అరవై అయిదు రోజులూను. ఖాళీలుంటే వాళ్ళ యంత్రానికి పనికిరాదట. నిన్నటి లోతూ మొన్నటి లోతూ చూసి ఈవేళ్టిది అంచనా కట్టడం ఎంతసేపండీ? పదింట తొమ్మిదిసార్లు సరిపోతుంది కూడాను."

"పదోసారి పడవలో ఎవరుంటారు జానకిరామ్ గారూ? మీరా, ఆ ఉదయ్‌కుమారా?"

"కంపెనీ ఉంటేనే కదండీ మీ నియమం ఉండేది. దీపావళి దాకా జీతాలివ్వగలం. ఆ తరవాత తాళం వేసుకుని ఇళ్ళకి పోవాలి."

"వేసుకుంటాను. అబద్ధం చెప్పి మాత్రం తెరిచి ఉంచను. ఆయన చూస్తానన్నాడు కాబట్టి పాత సంవత్సరాల కాపీ ఒకటి ఇవ్వమన్నాను, ఇచ్చారు. అక్కడితో సరి. రోజూ వచ్చేది ఇవ్వం. ఖాళీలు నింపం. ఈ మాట ఆయనకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

జానకిరామ్ సీసా అందుకున్నాడు. మంచినీళ్ళు తాగాడు. ఏదో చెప్పబోయేసరికి సూర్యకళ ఫోన్ మోగింది.

చేసింది పెద్దింట్లమ్మ. చినమొగ పాలెంలో ఉంటుంది, సూర్యకళకి మేనత్త. ఆ ఊరి మొగ చూసి చెప్పే మనిషి కూడా ఆవిడే.

"ఒసే సూరీ! వెంకన్న పడవ మేటెక్కి తిరగబడిపోయిందే, ఇంజను నీళ్ళపాలే! వాడికి చెయ్యి విరిగింది. వాడి కొడుక్కి తలమీద ఎనిమిది కుట్లు. పిల్లాడు గెడ పట్టుకుని వేలాడబట్టి బతికాడు గాని, లేకపోతేనా... ఊరంతా నీ పేరే అంటున్నారే. దారుందని నువ్వే చెప్పావంట!"

"నేనెక్కడ చెప్పానత్తా? నువ్వు ఈవేళ నీళ్ళలో దిగావా?"

"ఎలా దిగుతానే? మా బావగారు పోయి ఈవేళ్టికి ఆరో రోజు. గురువారం నుంచి నీకొక్క ముక్క చెప్పలేదు నేను."

సూర్యకళ సైటు తెరిచి చూసింది. చినమొగ ఎదురుగా గురువారం నుంచి ఆరు గడులూ ఖాళీ. పొరపాటున కూడా ఒక్క అంకె లేదు. హమ్మయ్య అనుకోలేదు ఆవిడ, అనుకునే మనిషి కాదు. వెంకన్న కొడుకుని చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పింది తను.

"పొద్దున్నే పెద్దమనుషులు కూర్చుంటారంట," అంది పెద్దింట్లమ్మ. "నిన్ను రమ్మన్నారు. వస్తావా?"

"రాకేం," అంది సూర్యకళ.

మర్నాడు పొద్దున్న తాళ్ళరేవు దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణించి ఆటో మాట్లాడుకుంది. జానకిరామ్ కూడా వచ్చాడు. రమ్మని ఆవిడ అడగలేదు, వద్దనీ అనలేదు. దారంతా రొయ్యల చెరువులూ, వాటిలో తిరిగే చక్రాల చప్పుడూ తప్ప వాళ్ళ మధ్య మాట లేదు. చినమొగ ఆవిడకి పరాయి ఊరు కాదు. పుట్టిన ఊరు. వాళ్ళ నాన్న పోతురాజు ఆ మొగలోనే నలభై ఏళ్ళు పడవ నడిపాడు. ఈ ఊళ్ళో మాట పోతే ఇంక పదకొండు మొగల్లో ఎక్కడా తన మాట చెల్లదని ఆవిడకి తెలుసు. కంపెనీకి డబ్బు లేకపోయినా ఇన్నాళ్ళూ నడిచింది. మాట లేకపోతే ఒక్కరోజు నడవదు.

చేపల పాట జరిగే రేకుల షెడ్డులో ఊరంతా ఉంది. మధ్యలో అప్పారావు, ఊరి పెద్ద, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పక్కన వెంకన్న, చేతికి పిండికట్టు. మైల కాబట్టి పెద్దింట్లమ్మ దూరంగా ఎండలో నిలబడింది, కొంగు నెత్తిన వేసుకుని.

"అమ్మాయ్," అన్నాడు అప్పారావు. "ఊరి పిల్లవి. తొమ్మిదేళ్ళు నీ మాట మీద నడిచాం. ఆయ్, నడిచాం. నిన్న వెంకన్న కూడా నీ మాట మీదే ఎల్లాడు. ఏమంటావ్?"

"అది నా మాట కాదు పెదనాన్నా."

"కాదా!" వెంకన్న లేచాడు. ఎడం చేత్తో జేబులోంచి ఫోన్ తీసి, ముందురోజు విన్న జవాబు మళ్ళీ వినిపించాడు. తీయని గొంతు, ఒక్క తప్పు లేని తెలుగు. పోటుపాటు సమాచారం ప్రకారం ఈరోజు చినమొగలో ఉత్తరం పక్క దారి ఉంది, నీటి లోతు సుమారు ఆరడుగులు, శుభప్రయాణం.

"శుభప్రయాణమంట!" అని ఉమ్మేశాడు వెంకన్న. "నీ కంపెనీ పేరు చెప్పిందా లేదా?"

"చెప్పింది బాబాయ్. నా సైటులో గడి చూశావా?"

"ఎందుకు చూస్తాను? అడిగితే చెప్తుంటే!"

"అయితే విను." సూర్యకళ తన ఫోన్ తీసి ఖాళీ గడులు అప్పారావుకి చూపించింది, తరవాత చుట్టూ తిప్పి అందరికీ చూపించింది. "ఇదిగో. ఆరు రోజులు ఖాళీ. మా అత్త దిగలేదు, చూడలేదు, చెప్పలేదు. నేను రాయలేదు. నా పేరు పెట్టి ఎవడో చెప్తే నేను తప్పు కట్టాలా? కట్టను. ఆ మాట చెప్పినదాన్ని పిలిపించండి. ఇదే షెడ్డులో ఇదే ఎండలో నిలబెట్టండి. ఏమే, నువ్వు నీళ్ళలో దిగావా, గెడ పట్టావా, నీకు చలేసిందా అని అడగండి. ఏ ఊరు దానిది? ఎవరి కూతురది? కబురెక్కడికి పంపుతారు?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక ముసలాయన, "నిజమేరా, కబురెక్కడికి పంపుతాం?" అన్నాడు. అప్పారావు కూడా మీసం కింద నవ్వుకున్నాడు. గాలి తనవైపు తిరిగిందని సూర్యకళకి తెలిసింది. ఇంకో రెండు మాటలంటే చాలు, తలెత్తుకుని ఇంటికెళ్ళిపోవచ్చు.

అప్పుడు జానకిరామ్ ముందుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ మాట రాసింది నేనండీ," అన్నాడు.

షెడ్డంతా ఆయనకేసి తిరిగింది.

"పాత కాపీ ఒక్కటే ఇవ్వమన్నారు ఆవిడ. నేను మూణ్ణెల్లుగా రోజూ వచ్చేది కూడా ఆ హైదరాబాదు కంపెనీకి పంపిస్తున్నానండీ. ఆవిడకి చెప్పలేదు. ఖాళీలుంటే కొనం అన్నారు, అందుకని వాళ్ళకి పంపే దాంట్లో ఖాళీ ఉన్నచోట ముందురోజు అంకెనే మళ్ళీ పెట్టాను. ఉత్తినే పరీక్షకన్నారు, జనానికి వినిపిస్తారని నాకు తెలీదు. నిన్న వెంకన్నగారు విన్న ఆరడుగులు ఎప్పటివో కాదండీ, పెద్దింట్లమ్మగారు కిందటి బుధవారం చూసినవి. కంపెనీ మూతపడకూడదనే చేశాను. తప్పే చేశాను."

సూర్యకళకి ఒక్కసారిగా కాళ్ళ కింద ఇసుక జారిపోయినట్టయింది. ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న మనిషి! బస్సులో, ఆటోలో, అంతసేపు పక్కనే ఉండి ఒక్క ముక్క చెప్పలేదు! చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది. ఇంతకుముందు యంత్రాన్ని పిలిపించండి అని తను విసిరిన మాటలు తలుచుకుంటే సిగ్గేసింది. పిలిపించాల్సినవాడు పక్కనే ఉన్నాడు, ఆవిడ తీసుకొచ్చిన ఆటోలోనే వచ్చాడు.

"చూశారా!" అని వెంకన్న కేక పెట్టాడు. "ఇంటిదొంగని వెంటబెట్టుకొచ్చి మాకు నీతులు చెప్తోంది!"

ఆ క్షణంలో ఆవిడ ఇతనితో నాకింక సంబంధం లేదు అనొచ్చు. నన్ను మోసం చేశాడు, మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. ఊరు నమ్మేది కూడా. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది.

"రాసింది ఆయన," అంది చివరికి. "కంపెనీ నాది. కనక తప్పు నాది. ఇందాక కట్టనన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వెంకన్న బాబాయ్ ఇంజను నేను కొనిస్తాను. పిల్లాడి వైద్యం నేను చూస్తాను. పెద్దమనుషులు ఇంకేం వేసినా పడతాను. ఒక్కటి మాత్రం చెప్తాను, ఇది విని అప్పుడు తిట్టండి. ఈ సాయంత్రానికి వెబ్‌సైటు తీసేస్తున్నాను."

"తీసేసి?" అన్నాడు అప్పారావు.

"రేపటి నుంచి మీ ఫోన్లు మోగుతాయి. నీళ్ళలో దిగి చూసిన మనిషి గొంతే మీకు వినపడుతుంది, పేరు చెప్పి మరీ. చూస్తే చూశానంటారు, చూడకపోతే చూడలేదంటారు. అందులో యంత్రం ఉండదు, ప్రకటన ఉండదు. పడవకి నెలకింతని మీరే నాకివ్వాలి. ఎంతో మీరే తేల్చండి. మాట తప్పయిన రోజున నాకు కబురు పెట్టండి, వచ్చి ఈ షెడ్డులో నిలబడతాను. ఈరోజు నిలబడ్డట్టే."

"ఫోనేమో ఉత్తినే చెప్తోంది," అన్నాడు వెంకన్న. "నీకు డబ్బులెందుకివ్వాలి? మేమేం పిచ్చోళ్ళమా?"

"ఉత్తినే చెప్పింది కదా బాబాయ్ నిన్న."

వెంకన్న తన పిండికట్టు కేసి చూసుకున్నాడు. దూరం నుంచి పెద్దింట్లమ్మ, "దాన్ని నిలబెట్టి తిట్టింది చాలు, ఏదో ఒకటి తేల్చండి!" అని నెత్తిన నోరు పెట్టుకుని అరిచింది.

పెద్దమనుషులు నలుగురూ పక్కకెళ్ళి చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఒకాయన గట్టిగా చేతులూపాడు. తిరిగొచ్చాక అప్పారావు కుర్చీలో కూర్చోలేదు, నిలబడే చెప్పాడు.

"ఆ హైదరాబాదువాడి గుమ్మం ఎక్కడుందో మాకు తెలీదు. తెలిసినా మమ్మల్ని లోపలికి రానివ్వడు. నీ గుమ్మం మాకు తెలుసు. పిలిస్తే వచ్చావు. ఆయ్, అది మంచిదే. కానీ ఊరికి నమ్మకం పోయింది, అది మాటలతో రాదు. మీ అత్త మైల ఆదివారం దాకా ఉంది. అప్పటిదాకా మొగ నువ్వే దిగి చూడు. మీ నాన్న నేర్పాడుగా. రేపు నీ గొంతు విని ఒక్క పడవన్నా కదిలితే నీ కంపెనీ ఉన్నట్టు, అప్పుడు కూర్చుని నెలకెంతో మాట్లాడుకుందాం. ఒక్కటీ కదలకపోతే నీ దారి నీది. మా మొగ జోలికి ఇంక రావద్దు."

ఇరవై ఏళ్ళయింది సూర్యకళ ఆ నీళ్ళలో దిగి. "సరే పెదనాన్నా," అంది.

ఆ సాయంత్రం షెడ్డులోనే అరుగు మీద కూర్చుని జానకిరామ్ కంప్యూటర్ తెరిచాడు. అప్పుడే ఉదయ్‌కుమార్ ఫోన్ చేశాడు. జరిగింది ఆయనకీ తెలిసింది.

"చాలా బాధాకరం మేడమ్. కానీ ఆ సమాచారం మీవైపు నుంచే వచ్చింది కదండీ..."

"మావైపు నుంచే వచ్చింది. ఆ తప్పు ఊళ్ళో ఒప్పుకున్నాను. పరీక్షకని తీసుకున్నది జనానికి వినిపించడం మీ తప్పు. మీరెక్కడ ఒప్పుకుంటారు?"

ఆయన ఆ ప్రశ్న దాటేశాడు. "ఇలాంటివి మళ్ళీ జరక్కుండా చూద్దామండీ. మా వాళ్ళు ఇంకా మంచి మొత్తానికి ఒప్పుకుంటారు. ఈ వారంలో సంతకమైపోతే..."

"ఒక్క వాక్యం రాసివ్వండి, రేపే సంతకం పెడతాను. మనిషి చూడని రోజు మీ యంత్రం నాకు తెలీదు అని చెప్తుందని రాయండి."

"అలా చెప్తే జనం ఇంకో దాని దగ్గరికి పోతారండీ. అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా. అందరూ ఇటే వెళ్తున్నారు మేడమ్. వెబ్‌సైటుల రోజులు అయిపోయాయి. మీరొక్కరూ ఎన్నాళ్ళు నిలబడతారు?"

"మా అత్త అరవై ఏళ్ళుగా నిలబడుతోందండీ, పీకల్లోతు నీళ్ళలో. మాకది అలవాటే. వెబ్‌సైటుల రోజులు అయిపోతే పోనివ్వండి, మొగ ఎక్కడికీ పోలేదు. మావి తీసుకున్నవీ కాపీ చేసినవీ అన్నీ తీసేయండి, మా పేరు మీ యంత్రం నోట వినపడిందంటే లాయరు దగ్గరికి కాదు, ఈ ఊరివాళ్ళని బస్సెక్కించుకుని మీ ఆఫీసుకొస్తాను. గుమ్మం ఎక్కడుందో చూపిస్తాను వీళ్ళకి." ఫోన్ పెట్టేసి జానకిరామ్ కేసి తిరిగింది. "తీసేయండి సైటు."

ఆయనది తొమ్మిదేళ్ళ పని. రెండుసార్లు కళ్ళు తుడుచుకుని, తీసేశాడు. పేజీ ఉన్నచోట తెల్లటి తెర మిగిలింది.

"నేను మానేస్తానండీ," అన్నాడు.

"మానేస్తే రేపొద్దున్న ఈ ఊరి పడవలవాళ్ళ డెబ్భై రెండు ఫోన్లు ఒకేసారి ఎవడు మోగిస్తాడు? పని చూడండి. నా కోపం తీరిందనుకోకండి, తీరలేదు. ఇప్పట్లో తీరదు కూడా."

"సరేనండీ," అన్నాడు జానకిరామ్.

తెలతెలవారుతుండగా సూర్యకళ నీళ్ళలో దిగింది. శ్రావణమాసం, గోదారి ఎర్రగా పారుతోంది, పాటు తగ్గి పోటు మొదలవుతున్న వేళ. నడుముకి తాడు కట్టింది పెద్దింట్లమ్మ కాదు, ఆవిడ ముట్టుకోకూడదు. జానకిరామ్ కట్టాడు, తాడు రెండో కొస పట్టుకుని తనూ మోకాళ్ళ దాకా దిగాడు. ఒడ్డున నిలబడి పెద్దింట్లమ్మ అరుస్తూనే ఉంది. కాలు ఈడ్చి వెయ్యవే, ఎత్తకు, గెడ ముందు నువ్వు వెనక, అని.

గెడ ముందు, తను వెనక. ఉత్తరం పక్క పది అడుగులు వెయ్యగానే గెడ ఠక్కున మేటకి తగిలింది. నీళ్ళు తొడ దాకా కూడా లేవు. వెంకన్న పడవ ఆగిన చోటు అదే. పిల్లాడు వేలాడింది ఇక్కడే కదా అనుకుంది ఆవిడ. అక్కణ్ణించి దక్షిణానికి తిరిగింది. ఒకచోట కాలి కింద నేల కోసుకుపోయింది, మునిగి లేచింది, ఉప్పునీళ్ళు మింగింది. తాడు బిగిసింది. మళ్ళీ గెడ వేసింది. ముప్పావుగంట వెతికాక దారి దొరికింది. ఆ అంచున ఇసుకలో గెడ లోతుగా పాతి, దాన్ని పట్టుకుని నిలబడి, మెళ్ళో కవరులో వేలాడుతున్న ఫోన్ తీసింది. లైను కలిపానని జానకిరామ్ చెయ్యెత్తాడు. ఊళ్ళో డెబ్భై రెండు ఫోన్లు మోగాయి.

"నేను సూర్యకళని, పోతురాజు కూతుర్ని. చినమొగ. నేనే దిగాను, నేనే చూశాను. ఉత్తరం దారి మూసుకుపోయింది, అటు రావద్దు. దక్షిణం పక్క దారుంది. నీళ్ళు నా భుజం దాకా ఉన్నాయి, పోటుకి ఇంకా పెరుగుతాయి. దారి వెడల్పు రెండు పడవలంత, అంతకన్నా లేదు. బయటి మేట ఎక్కడుందో చూడలేదు. చూడనిది చెప్పను."

అంతే. ఒడ్డున పడవలన్నీ వరసగా ఉన్నాయి, వాటి పక్కన మనుషులు ఫోన్లు చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ కదల్లేదు. ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. చలికో భయానికో ఆవిడ పళ్ళు టకటకమంటున్నాయి. అయిపోయిందనుకుంది. తొమ్మిదేళ్ళూ అయిపోయాయనుకుంది.

ఫోన్ మోగింది. వెంకన్న.

"ఎక్కడున్నావ్?" అన్నాడు.

"చెప్పిన చోటే బాబాయ్. నీళ్ళలో."

"మా బావమరిది పడవలో నేనూ వస్తున్నాను. మేం దాటేదాకా అక్కడే ఉంటావా?"

"అందరూ దాటేదాకా ఉంటాను."

ఒడ్డున ఒక ఇంజను దగ్గి అంటుకుంది. పడవ మలుపు తిరిగి సూటిగా ఆవిడ మీదికే వచ్చింది. ముందు భాగంలో వెంకన్న, విరిగిన చెయ్యి మెళ్ళో కట్టుకుని, రెండో చేత్తో గెడ వేస్తూ లోతు తనే చూసుకుంటున్నాడు. నమ్మి వస్తున్నాడో పరీక్షించడానికి వస్తున్నాడో ఆ మొహం చూసి ఎవరూ చెప్పలేరు. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లోంచి పడవ వెళ్ళింది. దాని అల ఆవిడ మొహం మీద కొట్టింది.

దాటాక వెంకన్న వెనక్కి తిరిగి, ఒడ్డుకేసి గెడ పైకెత్తి రెండుసార్లు ఊపాడు. ఒడ్డున ఇంజన్లు ఒకటొకటిగా అంటుకున్నాయి.

ఆఖరి పడవ ఒడ్డు వదిలేసరికి నీళ్ళు సూర్యకళ గెడ్డం దాకా వచ్చాయి. తాడు లాగమంటారా అని జానకిరామ్ అరుస్తూనే ఉన్నాడు. ఇంకా ఒకటుంది, ఆగండి, అని ఆవిడ తిరిగి అరిచింది.